ఒక్క బొట్టు అత్తరు

ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న స్టూడియోలో నేను డబ్బింగ్ చెబుతుంటాను. తెర మీద హీరోయిన్ స్నేహితురాలో, వదినో మాట్లాడితే ఆ గొంతు నాది. కిందటేడు పుట్టినరోజుకు మా ఆయన ఒక సెంటు సీసా కొనిచ్చారు. నాకు ఎంతో నచ్చింది. కానీ శ్రీనగర్ కాలనీలో ఇంటి దగ్గర కొట్టుకుని బయల్దేరితే, స్టూడియో చేరేసరికే వాసన పోయినట్టుండేది. అందుకని సీసా బ్యాగులో వేసుకెళ్లి, వెళ్లగానే ఒకసారి, టీ తాగాక ఒకసారి మళ్లీ కొట్టుకునేదాన్ని.

ఒకరోజు ఏడుపు సీను. మైకు గది చాలా చిన్నది, తలుపు వేస్తే గాలి కదలదు. నా పక్కన తల్లి పాత్రకు చెబుతున్న పెద్దావిడ డైలాగు మధ్యలో వరసగా మూడుసార్లు తుమ్మింది. అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు మెల్లగా అన్నాడు.

"అక్కా, ఏమనుకోకు. నీ సెంటు జర ఎక్కువైంది. తలుపు తీస్తే నాదాకా వస్తుంది."

"నాకసలు తెలియడం లేదే" అన్నాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఆ ఆదివారం టోలిచౌకిలో అత్తరు దుకాణానికి వెళ్లి, సెంటు ఎందుకు నిలవడం లేదని అడిగాను. దుకాణం ముసలాయన నవ్వాడు.

"సెంటు యాడికీ పోలేదమ్మా. నీ ముక్కే దానికి అలవాటు పడ్డది. నీ ఇంటి వాసన నీకు తెలుస్తదా? వచ్చినోళ్లకు తెలుస్తది."

నా మణికట్టు మీద ఒక్క బొట్టు అత్తరు పెట్టాడు. రెండో చేత్తో రుద్దబోతే ఆపాడు.

"రుద్దకు, గట్లనే ఆరనియ్యి. నీ చర్మం పొడిగుంది. ముందుగాల వాసన లేని క్రీము జర రాసుకో. ఈ అత్తరు పూటకో వాసనొస్తది. ఎంతసేపు ఉందో వేరేటోళ్లను అడుగు."

ఆ చిన్న సీసా కొనుక్కున్నాను. సోమవారం ఆయన చెప్పినట్టే పెట్టుకెళ్లి ఇంజనీరును అడిగాను. "నిమ్మకాయ లెక్కుంది" అన్నాడు. భోజనాల వేళకు గులాబీ అయిందన్నాడు. సాయంత్రానికి ఆ సంగతే మరిచిపోయాను. మైకు దగ్గర పెద్దావిడే నా వైపు వంగి, "గంధం రాసుకున్నావా అమ్మాయ్? హాయిగా ఉంది" అంది. నాకు ఏ వాసనా తెలియలేదు గానీ మనసు తేలికపడింది.

ఇప్పుడు సెంటో అత్తరో ఏదో ఒకటి, పొద్దున ఒక్కసారే. మొన్న జూబ్లీహిల్స్ సిగ్నల్ దగ్గర బండి ఆపి మా ఆయన అడిగారు, "నేనిచ్చిన సీసా నీ బ్యాగులో కనబడట్లేదు, అప్పుడే అయిపోయిందా?"

"లేదండీ, ఇంకా సగముంది. పొద్దున అదే కొట్టుకున్నాను" అన్నాను.

ఆయన వెనక కూర్చున్న నా వైపు కాస్త వాలి వాసన చూసి, "అవును, ఉంది" అన్నారు.