వినపడే వైపు

మా అమ్మాయికి ఎడమ చెవి సగమే వినపడుతుంది. పుట్టుకతో వచ్చింది కాదు, నేను కొడితే వచ్చింది. బంధువులు అడిగితే చాలా రోజులు "చెవిలో చీము పట్టింది" అని చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ నిజం చీముకు మూడు వారాల ముందే, ఒక పాత లాప్‌టాప్ దగ్గర మొదలైంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కేజీఎఫ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. నేను క్లాసులోకి వెళితే పిల్లలు లేచి నిలబడేది గౌరవంతో కాదని నాకు తెలుసు. బెత్తం వద్దన్నాక చెక్క స్కేలు పట్టాను. స్కేలు కూడా వద్దన్నాక చెయ్యి ఉండనే ఉంది. ఆ చెయ్యి నాకు మా నాన్న నుంచి వచ్చిన ఆస్తి. గనులు మూతపడేదాకా ఆయన భూమి లోపల డ్రిల్లింగ్ మిషను పట్టినవాడు. పగలంతా రాతిని కొట్టి ఇంటికి వచ్చి, టోపీ దీపం బ్యాటరీని నడుముకు కట్టుకునే తోలు బెల్టుతో మమ్మల్ని కొట్టేవాడు. దెబ్బ పడ్డ చోట గౌను వీపుకు అంటుకుపోయేది, మా అమ్మ నీళ్ళతో తడిపి ఊడదీసేది. గని మూసినప్పుడు అందరూ సామాన్లు అప్పగించారు గానీ ఆయన ఆ బెల్టు మాత్రం ఇవ్వలేదు. అది ఇప్పటి మా ఇంటి హాల్లో కూడా మేకుకు వేలాడుతుండేది.

ఆ మిషను మోతకు ఆయన కుడి చెవి పూర్తిగా పోయింది. గని కార్మికులకు కట్టిన మా లైను ఇళ్ళలో డ్రిల్లింగ్ చేసిన మగవాళ్ళందరికీ ఏదో ఒక చెవి పోయే ఉండేది. చుట్టాలు వస్తే మొదట చెప్పే మాట "ఈ పక్కకు వచ్చి కూర్చోండప్పా, వినపడే వైపు ఇదే" అని. ఎవరింట్లో ఎవరికి ఏ వైపు వినపడుతుందో పిల్లలకు కూడా తెలుసు. మా నాన్నకు ఎడమ వైపు.

స్కూళ్ళు మూసేసి క్లాసులు ఇంటి నుంచే చెప్పమన్న ఏడాది అది. మామిడి కాలం కాబట్టి మా ఆయన శ్రీనివాసపురం మండీలో లారీలు నింపించే పనిలో అక్కడే ఉండిపోయాడు. ఇంట్లో నేను, మా నాన్న, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి. ఉదయం ఎనిమిదిన్నరకల్లా టీచర్లు క్లాసులో కనపడాలని ప్రిన్సిపాల్ గట్టిగా చెప్పింది. మూడుసార్లు ఆలస్యమైతే ఇక రానక్కర్లేదంది. అప్పటికే ఇద్దరిని తీసేసింది.

నాది ఎవరో వాడి అమ్మేసిన లాప్‌టాప్. నా పాత స్టూడెంట్ ఒకతను అందులో విండోస్ బదులు లినక్స్ వేసి ఇచ్చాడు. అది ఆన్ కావడం బాగానే అయ్యేది. నెట్టే వచ్చేది కాదు. తెర మూలలో గుర్తు తిరుగుతూనే ఉండేది, ఒక నిమిషం, ఒకటిన్నర నిమిషం. నేను ఆగే మనిషిని కాదు. బటన్ నొక్కిపట్టి ఆర్పేసి మళ్ళీ ఆన్ చేసేదాన్ని. మళ్ళీ తిరిగేది. మళ్ళీ ఆర్పేదాన్ని.

ఒక రోజు రూటర్‌ను పీకి గోడకేసి కొట్టాను, కొమ్ము ఒకటి విరిగింది. ఒక రోజు కీబోర్డు మీద పిడికిలితో గుద్దితే ఒక మీట ఎగిరి మంచం కింద పడింది. ఇంకో రోజు నేను విసిరిన మా నాన్న టీ గ్లాసు కిటికీకి తగిలి, వేడి టీ ఆయన కాళ్ళ మీద ఒలికింది. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఏమిటో ఆ నెలలో మా ఇంట్లో ప్రతి వస్తువుకూ తెలిసింది. ఆయన తుండుతో కాళ్ళు తుడుచుకున్నాడు. ఆ రకం చప్పుళ్ళు ఆయనకు కొత్త కాదు.

రెండుసార్లు ఆలస్యం పడింది. ఆ పై సోమవారం గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీద నుంచి దుమ్ము కొడుతోందని కిటికీలన్నీ మూసి ఉన్నాయి. టైము ఎనిమిదీ ఇరవై ఏడు. గుర్తు తిరుగుతూ ఉంది. వెనక మా అమ్మాయి తల దువ్వుకుంటూ, రెండో చేతిలో ఫోను పట్టుకుని నిలబడి తెర వైపు చూస్తోంది.

"అమ్మా, అది స్కూలు..." అంది.

నేను లేచి తిరిగి కొట్టాను. చెయ్యి పూర్తిగా వెనక్కి తీసుకుని, అరచేత్తో, చెవీ చెంపా కలిపి. దాని తల బీరువా తలుపుకు తగిలి ఇనుము మోగింది. ఫోను ఒక మూలకు, దువ్వెన ఒక మూలకు పోయాయి.

"నెట్టంతా నువ్వే లాగేస్తా ఉంటే నాకెట్ల వస్తాదే!" అని అరిచాను.

అది ఏడవలేదు. చెవి మూసుకుని, బీరువా పిడి పట్టుకుని నిలబడింది. అదే క్షణంలో నెట్ వచ్చింది. నేను జుట్టు సర్దుకుని కూర్చుని, నవ్వుతూ "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అన్నాను. తెర మీద నా బొమ్మ వెనక అది కనపడుతోంది. లాప్‌టాప్‌ను కొంచెం పక్కకు జరిపాను, అది కనపడకుండా పోయింది. ఆ రోజు కాలం - పని లెక్కలు చెప్పాను.

దెబ్బకు దెయ్యం వదులుతుందంటారు. దెబ్బకు నెట్ వచ్చిందని నేను నిజంగానే నమ్మాను. చదువుకున్నదాన్ని, లెక్కలు చెప్పేదాన్ని, అయినా నమ్మాను. మరుసటి రోజు నుంచి ఉదయం కాగానే దాని ఫోను లాక్కుని నాకు నెట్ వచ్చేదాకా బీరువాలో పెట్టి తాళం వేశాను. అయినా గుర్తు తిరుగుతూనే ఉంది. ఫోను దొంగతనంగా తీస్తోందని ఇంకో రెండుసార్లు కొట్టాను. చెవి నొప్పి అని ఒకసారి చెప్పింది. "క్లాసు ఎగ్గొట్టేదానికి కొత్త నొప్పి కనిపెట్టినావా?" అన్నాను. తర్వాత చెప్పలేదు. చెవిలో దూది పెట్టుకుని జుట్టు దాని మీదికి దువ్వుకునేది. నేను ఆ దూదిని చూశాను. చూసి ఊరుకున్నాను.

మూడో వారంలో ఒక రోజు అయిదుసార్లు ఆర్పి వెలిగించినా నెట్ రాలేదు. క్లాసులో పడేసరికి ఎనిమిదీ నలభై. ప్రిన్సిపాల్ ఫోను చేసి, మూడోసారైనా ఈ ఒక్కసారికి వదిలేస్తున్నానని, ఇదే ఆఖరి అవకాశం అని అంది. ఆ సాయంత్రం గత్యంతరం లేక, లినక్స్ వేసిచ్చిన ఆ పాత స్టూడెంట్‌కు ఫోను చేశాను. బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం, అప్పుడు టేకల్ దగ్గర వాళ్ళ ఊళ్ళోనే ఉన్నాడు. ఏడో తరగతిలో నా స్కేలు దెబ్బకు అతని బొటనవేలి గోరు ఊడిపోయింది. ఇద్దరికీ అది గుర్తుంది.

"మేడం, ముందు ఆ బటన్ మీద నుంచి చెయ్యి తీయండి," అన్నాడు.

"తీసినాను."

"ఇప్పుడు ఒక్కసారి ఆన్ చేసి, ఏమీ ముట్టకుండా ఊరికే కూర్చోండి. నెట్టు ఎంతసేపటికి వస్తాదో చూద్దాం."

ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాను. రెండు నిమిషాల పది సెకన్లకు నెట్ వచ్చింది. అతను చెప్పిన అక్షరాలు ఒక నల్ల కిటికీలో కొట్టాను. లాప్‌టాప్ ఆన్ అయినప్పటి నుంచి ఏ క్షణంలో ఏం చేసిందో వరుసగా వచ్చింది. ఒక్కో వరుసా చదివి వినిపించాను. అందులో ఒకే పేరు నాలుగుసార్లు వచ్చింది. ప్రతిసారీ దాని కింద దొరకలేదు అనే అర్థం వచ్చే వరుస ఉంది.

"మేడం, అది మన స్కూలు ఆఫీసు వైఫై కదా?"

అవును. పిల్లలు వాడకుండా ఆ పేరు బయటికి కనపడకుండా దాచి పెట్టారు. స్కూలు నడిచే రోజుల్లో ఆ పేరును నేనే స్వయంగా కొట్టి, ఎప్పుడైనా సరే మొదట దీన్నే పట్టుకోవాలని నేనే పెట్టాను.

"కనపడని పేరు గదా మేడం, ఉండాదో లేదో దానికి తెలీదు. ఒక్కో తూరి అర నిమిషం వెతుకుతాది. నాలుగు తూర్లు వెతికి, లేదని తెలిసినాకనే మీ ఇంటి నెట్టుకు వస్తాది. మీరు నడుమ ఆర్పేస్తే ఇంగ మళ్ళీ ఒకటో తూరి నుంచి మొదలు. మీ నెట్టును ఎవురూ లాగలేదు."

ఆ ఒక్క పేరు తీసేసి ఆన్ చేశాను. ఆరు అంకెలు లెక్కపెట్టేలోపల నెట్ వచ్చేసింది. నాకు సంతోషం కలగలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని "నీ వేలు ఎట్ల ఉండాదప్పా?" అని అడిగాను.

"గోరు వంకరగానే వచ్చింది మేడం. టైపు చేసేదానికి అడ్డం లేదు," అన్నాడు.

ఫోను పెట్టేశాక ఆ సోమవారం మాట గుర్తొచ్చింది. అమ్మా, అది స్కూలు. అప్పుడు స్కూలు గురించి ఏదో సణుగుడు మొదలుపెట్టిందనుకున్నాను. వసారాలోకి వెళ్ళాను. మా నాన్న, మా అమ్మాయి బండ మీద కూర్చుని ఉన్నారు. దాని ఎడమ పక్కన నిలబడి "పాపా" అన్నాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి కేక పెట్టాను. అది ఉలిక్కిపడి, నన్ను చూసి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.

మా నాన్న నన్ను చూశాడు. దాన్ని చూశాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి దాని ఎడమ చెవి పక్కన ఆడించాడు. అది కదలలేదు. కుడి వైపుకు తెచ్చి ఆడించాడు. వెంటనే తిరిగింది. గనిలో చెవులు పోయినవాళ్ళు ఒకరినొకరు అలాగే పరీక్ష చేసుకునేవాళ్ళు.

"ఎన్ని దినాలైంది పాపా?" అని అడిగాడు.

"అమ్మకు నెట్టు రాలేదే, ఆ సోమవారం నుంచి, తాతా."

ఆయన లేచి లోపలికి పోయాడు. మేకు మీది బెల్టు తీసుకుని వచ్చాడు. నాకు నలభై రెండేళ్ళు. ఆయన చేతిలో ఆ తోలు చూడగానే వీపు దానంతటదే గోడకు ఆనుకుంది. ఆయన కొట్టలేదు, నా ముఖం మీదికి విసిరాడు. ఇత్తడి బకిల్ తగిలి పెదవి చిట్లింది.

"పెట్టుకో. ఇంగ ఇది నీదే," అన్నాడు. "నా చెవి పోయేదానికి ఇరవై ఏండ్లు మిషను పట్టినాను. నువ్వు ఒక దెబ్బకే తీసేసినావు."

నోట్లో రక్తం ఉప్పగా ఉంది. ఏడవడానికి కూడా సిగ్గేసింది. మా అమ్మాయి కుడి వైపుకు వెళ్ళి అడిగాను. "ఆ పొద్దు ఏం చెప్పబోయినావమ్మా?"

"అది స్కూలు వైఫై వెతుకుతా ఉండాదమ్మా, తెర మీద పేరు పడతా ఉండాది, దాన్ని తీసెయ్యి అని."

"మళ్ళీ ఎందుకు చెప్పలేదు?"

అది నా కుడి చేతి వైపు చూసింది.

మర్నాడు కోలార్‌లో డాక్టరుకు చూపించాం. చెవి పొర చినిగి, లోపల చీము పట్టిందన్నాడు. ఎట్లా తగిలిందని అడిగాడు. అది నోరు తెరిచేలోపల నేనే చెప్పాను, నేను కొట్టానని. ఆయన ఆ మాట కూడా చీటీలో రాసుకున్నాడు. నెలల తరబడి మందులు వేస్తే పొర మూసుకుంది. వినికిడి సగమే తిరిగి వచ్చింది.

ఉద్యోగం పోలేదు. నెట్ ఇప్పుడు ఆరు అంకెలకు ముందే వస్తుంది. ఉదయం చాలా టైము మిగులుతుంది, కిటికీలోంచి బయటికి చూస్తాను. తాతా మనవరాలూ బండ మీద కూర్చుని ఉంటారు. ఆయనకు ఎడమ చెవి వినపడుతుంది, దానికి కుడి చెవి. అది ఆయన ఎడమ పక్కన కూర్చుంటే మంచి చెవులు రెండూ లోపలి వైపుకు వస్తాయి. గుసగుసగా చెప్పుకుంటారు, నవ్వుకుంటారు. నేను కుడి నుంచి వెళ్ళినా ఎడమ నుంచి వెళ్ళినా నాకు ముందు తగిలేది వినపడని చెవే. అందుకని చుట్టూ తిరిగి వాళ్ళ ఎదురుగా వెళ్ళి నిలబడతాను. చేతులు వెనక్కి కట్టుకుని, అప్పుడు పిలుస్తాను.