రెండోసారి అడగలేదు

మా ఇంట్లో మర్యాదంటే ముందు వద్దనడం. ఎవరింటికి వెళ్ళినా, కాఫీ తాగుతారా అనగానే "వద్దమ్మా, ఇప్పుడే తాగి వచ్చినాము" అనాలి, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నా సరే. వాళ్ళు బలవంతపెడతారు. మళ్ళీ వద్దనాలి. అప్పుడు వాళ్ళు నొచ్చుకుంటారు, మనం గ్లాసు అందుకుంటాం. తిరుపతిలో మా వీధి వీధంతా ఈ నాటకం ఆడేది, ఎవరి మాటలు వాళ్ళకు కంఠతా వచ్చు. అమ్మ అందులో ఆరితేరిన మనిషి. అడగగానే చెయ్యి చాపితే ఆశపోతులనుకుంటారని మాకు తొడపాశాలు పెట్టి మరీ నేర్పింది.

డెబ్భైల చివర్లో వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేశాను. మా కొండల్లోని ఎర్రచందనం కాయలు ఒక పట్టాన మొలకెత్తవు. వాటిని పేడనీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి మొలిపించడం నా పని. ఇల్లంతా కంపు కొడుతోందని అమ్మ తిట్టేది, నేను ఊళ్ళో లేనప్పుడు మాత్రం ఆ నీళ్ళు తనే మార్చేది. మా ప్రొఫెసరుగారు అది చూసి, ఇంగ్లండులోని ఒక పెద్ద విశ్వవిద్యాలయానికి నా చేత దరఖాస్తు పెట్టించారు. ఖర్చంతా వాళ్ళదే, మద్రాసులో ఇంటర్వ్యూ. ఆ సీటు నాకెంత కావాలో మాటల్లో చెప్పలేను. గింజ లోపల ఏం జరుగుతోందో చూపించే యంత్రాలు అక్కడ ఉన్నాయి. మా దగ్గర ఉన్నది పాత మైక్రోస్కోపు, అదీ వంతులేసుకుని.

బడిలో తెలుగు అయ్యవారైన నాయన సెలవు పెట్టి నాతో వచ్చాడు. పుత్తూరులో, చేతికి కొత్తగా కట్టు కట్టించుకున్న ఒక పెద్దాయన రైలెక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. ఒంటిచేత్తో శెనక్కాయల పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. వద్దన్నాను.

"చెయ్యే గదా ఇరిగింది, పెట్టే మనసు యాడికి పోతాది? తినమ్మా," అంటూ నా ఒళ్ళో పోసేశాడు. లోకమంతా ఇట్లాగే ఉంటుందనుకున్నాను.

ఇంటర్వ్యూ ఒక పాత బంగళాలో. వరండాలో నాతోపాటు ఇంకో అమ్మాయి ఉంది, ఆమె వెళ్ళి వచ్చాక నన్ను పిలిచారు. లోపల ఒక తెల్లదొర, పక్కన మద్రాసావిడ ఒకరు. దొర టీ తాగుతావా అన్నాడు. వద్దండీ అన్నాను. సరేనని కెటిల్ పక్కన పెట్టేశాడు. దాహంతో నాలుక పిడచగట్టుకుపోతోంది. నాకు అక్కడే తెలిసి ఉండాల్సింది.

గింజల గురించి అడిగితే గడగడా చెప్పాను. ఆయన ముందుకు వంగి మరీ విన్నాడు. చివరికి అడిగాడు: "సీటు ఒక్కటే ఉంది. బయట ఉన్న అమ్మాయి కూడా చాలా బాగా చెప్పింది. ఆమెను కాదని నీకెందుకివ్వాలి?"

నా నోటినుంచి అలవాటుగా వచ్చేసింది. "పరవాలేదండీ, ఆమెకే ఇవ్వండి."

అని తలవంచుకుని కూర్చున్నాను. ఇప్పుడు ఆయన "అదేంటి, నీ సంగతి చెప్పు" అనాలి. చెప్పాల్సినదంతా నోటిదాకా వచ్చి ఉంది. ఆయన పెన్ను మూత పెట్టేసి, థాంక్యూ అన్నాడు. మద్రాసావిడ నా వైపు ఒక్క క్షణం చూసింది. ఆవిడకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. దొరను ఎప్పుడో క్షమించాను గానీ, ఆవిడను మాత్రం ఇప్పటికీ క్షమించలేను.

సీటు ఆ అమ్మాయికే వచ్చింది. ప్రొఫెసరుగారు తల పట్టుకున్నారు. "నీకు ఆసక్తి లేదనుకున్నారంట తల్లీ! అంత మాట ఎట్లన్నావు?"

"మళ్ళీ అడుగుతారనుకున్నా సార్," అని ఏడ్చేశాను.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. నాయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మకు అసలు అర్థమే కాలేదు. "అంత దూరం పోయిన బిడ్డని ఒక్కసారికే వదిలేసినారా? ఇంకోసారి అడిగుంటే వాళ్ళ సొమ్మేం పోయుండేది?" అని పొద్దుగూకే దాకా అదే మాట తిప్పి తిప్పి అడిగింది. ఆ తర్వాత మళ్ళీ ఆ ఊసెత్తలేదు. పేడనీళ్ళ కుండలు మాత్రం తీయనివ్వలేదు.

కొన్నాళ్ళకు పక్కవీధిలో ఎవరింటికో పసుపు కుంకుమకు వెళ్ళాం. ఆ ఇంటావిడ ఎప్పటిలాగే, కాఫీ తాగుతారా అక్కా అంది. వద్దనడానికి నేను నోరు తెరిచేలోపే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యమ్మా," అంది, మొదటిసారికే. "మా పాపకి గూడా ఇయ్యి. దానికి కావాల."

ఆవిడ తెల్లబోయి లోపలికి వెళ్ళింది. అమ్మ నా వైపు చూడలేదు. కాఫీ వచ్చేదాకా నా చెయ్యీ వదల్లేదు.