బోణీ కాకముందు

"ఎనక సూసుకోకుండా తలుపు తీసేత్తావేటి? కళ్లు ఇంట్లో ఎట్టొచ్చేసినావా?"

"నా కారుని రాసుకుంటా ఎల్లమని నీకెవులు సెప్పారే ముసిల్దానా!"

కంచరపాలెం మార్కెట్ దగ్గర టీ తాగడానికి దిగబోయాడు టాక్సీ డ్రైవర్ నరేష్. అతను తీసిన తలుపు తగిలి, చేపల గంపతో మోపెడ్ మీద వస్తున్న పోతమ్మ పడిపోయింది. మోచెయ్యి గీరుకుపోయింది, చేపలన్నీ రోడ్డు పాలయ్యాయి. గొంతు మాత్రం తగ్గలేదు. మొగుడు పోయాక పంతం పట్టి బండి నేర్చుకున్న మనిషి ఆమె. జాలరిపేట ఆడవాళ్లలో మోపెడ్ మీద చేపలమ్మడం ఆమెతోనే మొదలు.

జనం మూగేసరికి నరేష్ జంకి, జేబులోని నోట్లు తీసి చాపాడు.

పోతమ్మ చెయ్యి చాపలేదు. "సేప ఇవ్వకుండా డబ్బుచ్చుకుంటే ముష్టే. బోణీ అవకముందే ముష్టెత్తమంతావేటి?"

"అయితే ఆ సేపలే ఇచ్చీ."

"రోడ్డు మీద పడ్డ సేప నాను అమ్మను."

నరేష్ నోట్లు వెనక్కి తీసుకున్నాడు. ముసిల్దానా అన్న నోరు మెత్తబడింది. "మరేటి సెయ్యమంతావమ్మా?"

పోతమ్మ బండి లేపి నిలబెట్టింది.

"కార్లో కూకో. ఎనక్కి తిరిగి సూసి, అప్పుడు తలుపు తియ్యి. నా కళ్లముందు ఒక్కసారి సెయ్యి బాబూ, సూసి ఎల్తాను."