సుభద్ర గారు పాసైన వేసవి

ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగగానే తోపుడుబండి మీది బంగినపల్లి పండ్ల వాసన ముఖానికి తగులుతుంది. అది నన్నెప్పుడూ ఒకే వేసవికి తీసుకుపోతుంది.

అప్పుడు నాకు పదేళ్లు. నల్గొండ పల్లె నుంచి వచ్చి, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనక రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. నాన్న మార్కెట్లో హమాలీ. ఎండాకాలం వచ్చిందంటే గడ్డిలో మాగుతున్న మామిడి వాసన, లారీల హారన్లు, ఖాళీ చెక్కపెట్టెలతో మా దుకాణాలాట, మధ్యాహ్నం అమ్మ కలిపే తొక్కు అన్నం, సాయంత్రం నీళ్లు చల్లిన గచ్చు మీద చాపలు. వీటి నడుమే పరీక్షల ఫలితాలు వచ్చేవి. ఎవరింట్లో ఎవరు పాసయ్యారో కేకల్లోనే వీధంతా తెలిసిపోయేది. పాస్ అంటే నాకు తెలిసిన అర్థం అదొక్కటే.

పక్క వాటాలో ప్రసాదరావు మాస్టారు ఒంటరిగా ఉండేవారు. తెనాలి వైపు మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంగ్లీషు కోచింగ్ చెప్పేవారు. అందరికీ కలిపి ఇంటి ఓనరు గదిలో ఒకటే ఫోను. ఒక పొద్దున అది మోగితే నేనే ఎత్తాను.

"సుభద్ర గారు పాస్డ్ అవే అయ్యారని మాస్టారికి చెప్పమ్మా," అందొక ఆడగొంతు. పసిదాని చెవిన చావు మాట వేయడానికి నోరు రాలేదేమో.

సుభద్ర పాసైందట అని అమ్మకు చెప్పాను. "మంచి ముచ్చటనాయె! ఉత్త చేతులతోని పోతవా బిడ్డా? గీ పండ్లు తీస్కపో," అని నాలుగు బంగినపల్లులు నా ఒళ్లో పోసింది.

"సార్, సుభద్ర పాసైందట! ఫోనొచ్చింది!"

మాస్టారు నవ్వబోయి ఆగారు. "వాళ్లు ఏ మాట అన్నారో ఆ మాటే చెప్పమ్మా."

చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. కాసేపటికి లేచి, పండ్లందుకుని, నా తల నిమిరి, సంచి సర్దుకుని వెళ్లిపోయారు. సుభద్ర గారంటే ఆయన్ను పెంచిన అక్కయ్య అనీ, ఇక లేరనీ సాయంత్రం ఓనరమ్మ చెబితే తెలిసింది. "ఎంత పని జేస్తిమి బిడ్డా," అని అమ్మ తల పట్టుకుంది. నేను జన్మలో ఇంగ్లీషు ముక్క పలకనని ఒట్టు పెట్టుకున్నాను.

పదిహేను రోజులకు ఆయన తిరిగొస్తే మంచం కింద దూరాను. ఆయన మా గుమ్మంలోనే కూర్చున్నారు.

"బయటికి రామ్మా. నువ్వు తప్పేం చెప్పలేదు. లాటిన్‌లో అడుగు అనే మాట నుంచి పుట్టింది పాస్. అడుగేసి దాటిపోవడం. పరీక్ష దాటినా, కాలం గడిచినా, మనిషి వెళ్లిపోయినా ఇంగ్లీషు వాళ్లకి ఆ మాటే."

నేను తల బయటపెట్టాను.

"నన్ను ఎత్తుకోవడానికని అక్కయ్యని మూడో తరగతి పరీక్షకి ముందే బడి మాన్పించారు. ఆవిడ పాసైందని పండ్లు తెచ్చింది నువ్వొక్కదానివే. వాటిని తీసుకెళ్లి ఆవిడ పక్కనే పెట్టాను."

అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "రేపట్నుంచి పిల్లని నా దగ్గరికి పంపండి," అన్నారాయన.

ఇప్పుడా మార్కెట్ తరలిపోయింది. మా వాటాల చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. మాస్టారూ లేరు. నేను మీర్‌పేట్‌లో సాయంత్రాలు ఆడవాళ్లకు ఇంగ్లీషు చెబుతున్నాను. నిన్న బోర్డు మీద 'రైట్' అని రాసి, ఒప్పు, కుడి, హక్కు అని మూడు అర్థాలు చెప్పాను. యాభై దాటాక పలక పట్టిన యాదమ్మ చెయ్యెత్తింది.

"ఇంకోటి మర్చిపోయిండ్రు మేడం. కండక్టర్ రైట్ రైట్ అన్నడంటే బండి కదలాలె."

క్లాసంతా నవ్వింది. నేను సుద్దముక్క ఆమె చేతికిచ్చాను. నాలుగో అర్థం, వంకర టింకర అక్షరాలతో, యాదమ్మే రాసింది.