వెలికా పొలం మట్టి

ఉచితంగా పెట్టే తిండిని వెలికా ఎప్పుడూ నమ్మలేదు. స్త్రుమిత్సా మైదానంలో మిరప పండించి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. భర్త పోయాక ట్రాక్టరు తనే నడిపింది, పురుగుమందు డబ్బా తనే వీపుకెత్తుకుంది. కొన్నేళ్ల కిందట ఉచితంగా మట్టి పరీక్ష చేస్తామని నవ్వుతూ వచ్చినవాళ్లే, మరుసటేడు కొండమీద బంగారు గని తవ్వుతామని కాగితాలు పట్టుకొచ్చారు. ఊరంతా రోడ్డెక్కితే తప్ప వాళ్లు వెనక్కి తగ్గలేదు.

అందుకే బొమ్మలేసే రుమెనా వచ్చి గేటు తట్టినప్పుడు వెలికా తీయలేదు. ఆ పిల్ల మూతపడ్డ పాలకేంద్రం అద్దెకు తీసుకుని, ఆదివారాలు అందరం కలిసి భోంచేద్దామని ఇల్లిల్లూ తిరుగుతోంది. మందు కొట్టకుండా పండించింది ఏదైనా తేవాలట, పొలం మట్టి గుప్పెడు తేవాలట.

"మట్టెందుకమ్మాయ్ నీకు?"

"గోడమీద మన పొలాలన్నీ బొమ్మ వేస్తానత్తా. ఎవరి పొలానికి వాళ్ల మట్టే రంగు."

"రంగులు కొట్లో దొరకవా?"

రుమెనా నవ్వింది. ఆ నవ్వూ వెలికాకు నచ్చలేదు.

ఆదివారం వెళ్లింది, తినడానికి కాదు, చూడటానికి. సంచిలో మట్టి తీసుకెళ్లింది గానీ, అది బస్టాపు పక్క కాలవగట్టుది. బల్లమీద చిక్కుడుగింజల కుండ, కాల్చిన మిరపకాయల పచ్చడి, ద్రాక్ష సారా ఉన్నాయి. వెలికా తను తెచ్చుకున్న రొట్టె మాత్రమే తుంచుకుంది.

"విషం కలిపారనుకున్నావా ఏంటే?" అన్నాడు పక్క పొలం దోన్చో.

"ముందు నువ్వు తిను. నీకేమీ కాకపోతే చూద్దాంలే."

లేచి వెనకగదిలోకి తొంగిచూసింది. జల్లెడ, జిగురు, మట్టి సీసాలు. ప్రతి సీసామీదా ఒక పేరు.

"అంటే ఇది ఊరి పటమన్నమాట! ఏ గనివాళ్ల చేతిలో పెడతావ్ దీన్ని?"

బల్ల దగ్గరున్నవాళ్లంతా ఇటు తిరిగారు. రుమెనా మొహం ఎర్రబడింది.

"గోడనెలా మోసుకుపోతానత్తా?"

అందరూ నవ్వారు. వెలికా నవ్వలేదు.

వారాలు గడిచేకొద్దీ గోడ నిండింది. కొన్నేళ్లుగా మందు మానేసి పేడ తోలుతున్న దోన్చో పొలం చిక్కటి కాఫీరంగులో వచ్చింది. వెలికా ఇచ్చిపోయిన కాలవగట్టు మట్టితో ఆమె పొలం బూడిదరంగులో వచ్చింది.

"నీ పొలం చచ్చిపోయినట్టుందే వెలికా!" అన్నాడతను.

ఆ మాట పడలేక మర్నాడు పార పట్టుకుని పొలానికెళ్లింది, అసలు మట్టి చూపించి వాళ్ల నోళ్లు మూయించాలని. తవ్వి, అరచేతిలో నీళ్లతో కలిపింది. కాలవగట్టు మట్టికంటే ఏమంత నల్లగా లేదు. ఇంకోచోట తవ్వింది. ఒక్క వానపామైనా కనబడలేదు. పురుగుమందుల కొట్టువాడు ఏటేటా కొత్త డబ్బా అంటగడుతూ చెప్పిన కబుర్లన్నీ గుర్తొచ్చాయి. వాణ్నెందుకు ఎప్పుడూ అనుమానించలేదో ఆమెకు అర్థం కాలేదు.

ఆ మట్టినే రుమెనాకు ఇచ్చింది. "ఇది నాది. మొన్నటిది కాదు."

"తెలుసత్తా. అందులో సోడా మూత దొరికింది."

"మరి అడగవేం?"

"అడిగితే మళ్లీ వచ్చేదానివా?"

వెలికా దోన్చోను పిలిచి, పేడ ఎక్కడ తెస్తున్నాడో అడిగింది. ఆ ఏడు సగం పొలంలో మందు మానేసింది. కాయ చిన్నది, కాపు తక్కువ. పిల్లలు ఫోన్లో కోప్పడ్డారు. శరదృతువులో ఆ కాయలే కాల్చి పచ్చడి చేసి బల్లమీద పెట్టింది, తనూ ఉమ్మడి కుండలోంచే తింది.

మిగతా సగంలో మాత్రం ఇంకా మందు కొడుతూనే ఉంది. "రెండూ పక్కపక్కన పెట్టి చూడాలిగా" అంటుంది.