కన్ను మూయకు

మా బావగారు కన్ను మూశారని, ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే అక్క ఫోన్ చేసింది. ఏడుపు రాలేదు నాకు, కోపమొచ్చింది. "కన్ను మూయకురా!" అని ఏళ్ళ తరబడి నన్ను తిట్టిన మనిషి ఆయన.

సమాధి దగ్గర అందరూ ఆయన్ని దయగల డాక్టరన్నారు. రోగుల విషయంలో నిజమే కావచ్చు. నాతో మాత్రం ఆయన నోరెప్పుడూ చేదే. మీరేమనుకున్నా సరే, ఆ కోపం తీరిందని అబద్ధం రాయను.

గుంటూరు నుంచి అమెరికా వచ్చి బెంటన్‌విల్‌ అనే ఊళ్ళో స్థిరపడిన సర్జన్ ఆయన. ఏటా అక్టోబరులో ముగ్గురు స్నేహితులతో ట్రక్కులో కొలరాడో కొండలకి ఎల్క్ వేటకి వెళ్ళేవారు. ఎల్క్ అంటే గుర్రమంత ఎత్తుండే దుప్పి. కాంట్రాక్టు ఉద్యోగం మీద నేను ఆ ఊరొచ్చిన దగ్గర్నుంచీ నాకొకటే కోరిక, ఆ ట్రక్కులో చోటు.

అందుకని తుపాకీ కొన్నాను. పెద్ద జంతువుకి పెద్ద తూటా కావాలన్నాడు షాపువాడు. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ రైఫిల్, దాని మీద దూరానివి దగ్గరగా చూపే ముంజేయంత స్కోప్. బావగారు దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు.

"ఏనుగుని కొడతావేంట్రా బామ్మర్దీ? ఈ స్కోప్‌లో చంద్రుడి మీద గుంటలు కనపడతాయి. పక్క పొదలో ఎల్క్ నిలబడితే బొచ్చు తప్ప ఏం కనపడదు."

"షాపులో ఇదే బెస్ట్ అన్నారు బావగారూ."

"అమ్ముకోడానికి బెస్ట్. చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం నువ్వు."

ఆయనది పాత టూ సెవెంటీ రైఫిల్, నాదానికంటే చిన్న తూటా, చిన్న స్కోప్. భుజం ఓర్చుకోగలిగినంత తుపాకీ చాలనేవారు. ఎంత పెద్ద తూటా అయినా తగలాల్సిన చోట తగలకపోతే ఆ జంతువు పొదల్లో పడి రోజుల తరబడి చస్తుందట. "కుట్లేసే చేతులివి. అలాంటి చావు నా కళ్ళ ముందు వద్దు" అనేవారు.

ఓ శనివారం షూటింగ్ రేంజిలో ఆయనే నా రైఫిల్ నింపి ఇచ్చారు. గురి చూసి ట్రిగ్గర్ నొక్కాను. టిక్కుమంది. లోపల వేసింది మందు లేని ఉత్త తూటా. తుపాకీ పేలనేలేదు, నేను మాత్రం భుజం ముడుచుకుని, గొట్టం కిందికి దించేసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆయన స్నేహితులు పగలబడి నవ్వారు.

"చూశావా? దెబ్బ తగలకముందే భయపడుతున్నావ్. కన్ను మూసేవాడు కొండెక్కకూడదు."

"పేలినప్పుడల్లా తుపాకీ వెనక్కి భుజాన్ని తన్నుతోంది బావగారూ, నాదేం లేదు."

"ఆడలేక మద్దెల ఓడు."

మర్నాడు చర్చి భోజనాల దగ్గర, పులిహోర ప్లేటు పట్టుకుని, నా మూసిన కళ్ళని అందరికీ నటించి చూపించారు. పిల్లలు నన్ను టిక్ అంకుల్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ ఏడూ, ఆ తర్వాతా నాకు ట్రక్కులో చోటు దొరకలేదు. మాగ్నమ్ అమ్మేసి నేనూ టూ సెవెంటీ కొనుక్కున్నాను. ఆయన మాట విన్నానని ఆయనకి తెలియనివ్వలేదు.

కిందటి సెప్టెంబరులో రేంజికి రమ్మని ఫోన్ చేశారు. గుండె ఆపరేషనై చిక్కిపోయి ఉన్నారు. స్నేహితులెవరూ రాలేదు. తన రైఫిల్ నా చేతికిచ్చి అటు తిరిగారు.

"నింపు. నిండుదో ఉత్తదో నాకు చెప్పకు."

ఎన్నాళ్ళ కసో నాది. ఉత్తదే వేసి ఇచ్చాను. ఆయన గురి చూసి ట్రిగ్గర్ నొక్కారు. టిక్కుమంది. నవ్వుదామని నోరు తెరిచాను గానీ, ఆయన్ని చూశాక నవ్వు రాలేదు.

కాసేపటికి లేచి, రైఫిల్ సంచిలో పెట్టేశారు. "ఈసారి నా సీట్లో నువ్వెళ్ళు. ఇప్పుడు నీదీ టూ సెవెంటీయేగా."

ఎప్పుడు కనిపెట్టారో తెలీదు. వెళ్ళాను. ఎల్క్ కనపడింది గానీ చెట్ల మధ్య గురి కుదరలేదు, కాల్చలేదు. వచ్చి చెబితే, "మొదటిసారి చూసి రమ్మంటే చూసి వచ్చావ్" అన్నారు. ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే, అదీ వెక్కిరింతలాగే.

పేటికలో ఆయన కళ్ళు ప్రశాంతంగా మూసి ఉన్నాయని అక్క అంది. చూశాను. నాకు గుర్తుండిపోయినవి మాత్రం ఆ రోజు రేంజిలోవి. టిక్కుమన్నాక కూడా, ఇంకా రాని దెబ్బ కోసం భుజం ముడుచుకుని, గట్టిగా, చిన్నపిల్లాడిలా మూసుకున్న కళ్ళు.