పాలపిట్ట కోసం లాడ్జి

మాది వనపర్తి. మా ఆవిడ సరోజ కోడేరు దగ్గర రైతుబిడ్డ. జమ్మిపూజ అయ్యాక పాలపిట్టను చూడనిదే ఆమెకు దసరా పూర్తికాదు. టౌన్లో రెండేళ్లుగా అది కనిపించలేదని దిగులుపడుతుంటే, నల్లమలలో సఫారీ లాడ్జికి తీసుకెళ్లి చూపిస్తానని మాటిచ్చాను.

నాకు ప్రతిదీ లెక్కగట్టడం అలవాటు. ఫోన్లో ఫొటోలు చూసి లాడ్జీలకు మార్కులేశాను. చెట్లు ఎక్కువుంటే మార్కులు ఎక్కువ. అచ్చంపేట దారిలో వేరుశనగ చేల పక్కనున్న లాడ్జిని సరోజ చూపిస్తే, కిటికీ ముందు కరెంటు తీగలున్నాయని మార్కులు కోసేశాను.

"పిట్టలనడిగి ఏస్తున్నవా మార్కులు?" అంది.

పండగనాడు దట్టమైన అడవిలోని లాడ్జి వరండాలో కాపుకాశాం. పొద్దు వాలుతున్నా పాలపిట్ట జాడ లేదు. ఒక్కసారిగా కొమ్మల్లో నీలంగా మెరిసింది. "అదిగో!" అని అరిచాను. పక్క గదులవాళ్లంతా బైనాక్యులర్లతో పరుగెత్తుకొచ్చారు. అది ప్లాస్టిక్ కవరు! అందరూ పడీపడీ నవ్వారు.

సరోజ మాత్రం నవ్వలేదు. "పొద్దు గూకుతుంది, కారు తియ్యి. అది చేన్ల పిట్ట. గీ చెట్లల్ల దానికేం పని?"

"గిది ముందే చెప్పొద్దా?"

"నీ మార్కుల ముందట నా మాట ఎప్పుడిన్నవ్?"

అడవి దాటి చేల దగ్గరికి వచ్చేసరికి సూర్యుడు ఎర్రబడ్డాడు. "ఆపు, ఆపు!" అంది. కరెంటు తీగ మీద నుంచి పాలపిట్ట నీలి రెక్కలు విప్పి ఎగిరింది. సరోజ చేతులు జోడించింది. తీగల వెనకున్న బోర్డు చూస్తే, నేను వద్దన్న లాడ్జే!

"ఏందయ్యా, గా తీగలకెన్ని మార్కులు కోసినవ్?"

వచ్చే దసరాకు లాడ్జిని సరోజే వెతుకుతోంది. కిటికీ ముందు తీగలున్నాయా అని నేను పక్కనుంచి అడుగుతున్నాను.